గొడ్ల చావిడిలో పచ్చళ్ల యూనిట్: తెనాలి వైపు చేసిన ఒక పని, లెక్కలతో సహా

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో గొడ్లు తగ్గిపోయాయి, గొడ్ల చావిళ్లు మిగిలిపోయాయి. ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయాయి, పాల ప్యాకెట్టు వచ్చి గేదెలు పోయాయి. ఇంటి వెనక చావిడి మాత్రం విరిగిన మంచాలకీ, ఎరువు బస్తాలకీ, పాడైన మోటారుకీ నీడనిస్తూ అలాగే ఉంది. వాటిల్లో ఏదో ఒక చిన్న వ్యాపారం పెట్టుకుంటామని కట్టడాల పని చేయించే నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మధ్య పెరిగారు. ఒకరికి కుట్టుమిషన్లు, ఒకరికి గానుగ నూనె, ఒకరికి పచ్చళ్లు. అందరి మాటా ఒకటే: "గోడలున్నాయి, కప్పుంది, సగం ఖర్చు మిగిలినట్టే కదండీ?"

మిగలదు. ఇక్కడ చెప్పబోయే పచ్చళ్ల యూనిట్ కేసులోనూ మిగల్లేదు. అయినా పాత కట్టడాన్ని ఉంచుకోవడమే సరైన పని అయింది. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఇలాంటి పని తలపెట్టినవాళ్లకి అంచనా వేసుకోవడానికి పనికొస్తుందని.

ఉన్నదేమిటి, కావలసిందేమిటి

చావిడి లోపలి కొలతలు 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. 14 అంగుళాల మందం ఇటుక గోడలు, మట్టి అడుసుతో కట్టినవి. పైన సున్నపు పూత. కింద నాలుగడుగుల ఎత్తు వరకు ఎప్పుడో సిమెంటు ప్లాస్టింగ్ చేయించారు. అడ్డంగా తాటి దూలాలు, వాటి మీద వాసాలు, పైన బంగళా పెంకులు. తూర్పు వైపు చిన్న వసారా. ఒక గోడ పొడవునా గాడి (గొడ్లకి మేత వేసే చోటు), మూలన కుడితి తొట్టి. నేల సగం కడప బండలు, సగం ఉత్త మట్టి. కిటికీలు లేవు, గోడ పైభాగంలో చిన్న గవాక్షాలు ఉన్నాయి. కట్టి ఎన్నేళ్లయిందో ఇంట్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఇంటి పెద్దాయన చిన్నప్పటికే ఉందట.

ఇంటావిడ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, ఉసిరి, పొడులు ఆర్డరు మీద చేసి హైదరాబాదుకీ బెంగళూరుకీ పంపుతారు. అప్పటిదాకా అంతా వంటింట్లోనే. సంఘంలోని మరో ఇద్దరిని కలుపుకుని దీన్ని వ్యాపారంగా చేయాలనీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరుతో లేబుల్ వేసి అమ్మాలనీ ఆవిడ ఆలోచన. "కడిగే చోటు వేరు, కలిపే చోటు వేరు ఉండాలి బాబూ, అది తప్ప నాకేం తెలియదు" అన్నారు మొదటి మాటగా. చాలామంది క్లయింట్లు గంటసేపు చెప్పినా ఇంత స్పష్టంగా చెప్పరు. ఆవకాయ జాడీలో చుక్క నీరు పడకూడదని తెలిసిన ఇంట్లో ప్లానింగ్ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.

వాళ్లబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. అతని లెక్క వేరు. పెంకులు తీసేసి స్లాబు వేసేస్తే పైన ఇంకో గది కూడా వస్తుంది కదా అన్నాడు.

స్లాబా, రేకులా, పెంకులా

ముందు స్లాబు సంగతి. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకి 310 కిలోల పైన బరువుంటుంది. బంగళా పెంకుల కప్పు, కింద పట్టీలతో కలిపి 65 కిలోలు. అంటే దాదాపు అయిదింతలు. ఈ గోడలు మట్టి అడుసువి, పునాది రెండడుగుల లోతు దాటదు, కింద నల్లరేగడి. వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే నేల మీద అయిదింతల బరువు ఎక్కిస్తే ఏమవుతుందో చూడ్డానికి ప్రయోగం అక్కర్లేదు. పైన గది లేకుండానే ఈ చావిడికి నైరుతి మూల ఏటవాలు బీట ఒకటి ఉంది, వేలు పట్టేంత. స్లాబు మాట అక్కడితో ఆపేశాం.

పూర్తిగా పడగొట్టి రేకుల షెడ్డు వేసుకోవచ్చు. నిజానికి దానికి అంచనా కొంచెం తక్కువే వచ్చింది. కానీ అది కూడా నల్లరేగడిలోనే నిలబడాలి. ఇలాంటి నేలకోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతి (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలను నేలలో లోతుగా దించడం) రూపొందించారు. మంచి పద్ధతే, కానీ 400 చదరపు అడుగుల షెడ్డుకి ఆ ఖర్చు పెట్టేవాళ్లు ఊళ్లో ఉండరు, మామూలు గుంట తీసి పోసేస్తారు. పైగా రేకుల కింద మే నెలలో ఆవకాయ కలిపే ఆడవాళ్లు ఎలా నిలబడతారు? పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది, రేకు పగలంతా కాగి ఆ వేడిని కిందికి దింపుతుంది. ఇన్సులేషన్ వేయిస్తే షెడ్డు అంచనా పెంకుల పనితో సమానం అవుతుంది.

కాబట్టి పెంకులు ఉంచాం. దీనికి ఆ అబ్బాయి ఒప్పుకోవడానికి కొంత టైం పట్టింది. పాతది అంటేనే చిన్నచూపు ఉంటుంది కొందరికి. ఫొటో దిగితే స్లాబు బాగుంటుంది మరి.

గోడలో ఉన్నది చెమ్మ ఒక్కటే కాదు

అసలు కథ ఇక్కడుంది. గోడ కింది భాగంలో సిమెంటు పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పూత ఆగిన చోట, అంటే నాలుగడుగుల పైన, తెల్లటి బూజులాంటి ఉప్పు పేలి ఉంది. మేస్త్రి చూసి "చెమ్మండీ, వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపి మళ్లీ పూసేద్దాం" అన్నాడు. చాలా చోట్ల ఇదే జరుగుతుంది, రెండేళ్లకి మళ్లీ ఊడుతుంది, మళ్లీ పూస్తారు.

గొడ్ల చావిడి గోడ మామూలు గోడ కాదు. దశాబ్దాల పాటు పేడా మూత్రమూ నేలలోకి ఇంకుతాయి. అందులోని నత్రజని మట్టిలో ఉండే బాక్టీరియా వల్ల నైట్రేటుగా మారుతుంది. నీళ్లతో పాటు గోడలోకి ఎక్కుతుంది, నీరు ఆవిరయ్యాక ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. సూరేకారం అనేది ఇదే కుటుంబం. ఒకప్పుడు బీహారులో నునియా కులస్థులు గొడ్లు కట్టేసిన చోటి మట్టినీ పాత గోడల మట్టినీ కడిగి సూరేకారం తీసేవాళ్లు. తుపాకీ మందు కోసం డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు దాన్ని ఓడల్లో తీసుకుపోయేవి. మన చావిళ్ల గోడల్లో ఉన్నది కూడా ఆ సరుకే.

ఈ ఉప్పుకి ఒక గుణం ఉంది. కాల్షియం నైట్రేటు గాలిలో తేమ సుమారు 50 శాతం దాటగానే ఆ తేమను పీల్చుకుని తనే కరిగి నీరవుతుంది. కృష్ణా డెల్టాలో వానాకాలం పొడవునా తేమ అంతకంటే ఎక్కువే. అంటే కింద నుంచి చుక్క నీరు ఎక్కకపోయినా, కప్పు కారకపోయినా, గోడ తడిగానే ఉంటుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. భూమి నుంచి ఎక్కే చెమ్మ అయితే తడి పట్టీ ఎండాకాలంలో కూడా ఏదో మేరకి కనిపిస్తుంది. ఉప్పు తడి అయితే వడగాలి కొట్టే రోజుల్లో పూర్తిగా ఆరిపోయి తెల్లగా పొడి రాలుతుంది, ముసురు పట్టిన రోజున వాన పడకుండానే నల్లబడుతుంది. ఇంటావిడ ఆ సంగతి నేను అడగకముందే చెప్పారు: "వాన రాబోతుంటే ముందు ఈ గోడకే తెలుస్తుంది." అయినా నమ్మకం కోసం గోడ పొడి కొంచెం గీకి, డిస్టిల్డ్ నీళ్లలో కలిపి, అక్వేరియం షాపుల్లో దొరికే నైట్రేట్ స్ట్రిప్ ముంచి చూశాం. రంగు చార్టులో చివరి గడికి వెళ్లింది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ ఏ వైద్యం చేయాలో తేల్చడానికి ఇది చాలు.

ఇక్కడ భూమి చెమ్మ కూడా కలిసే ఉంది. ఏళ్ల తరబడి పేడా మట్టీ పేరుకుని బయటి నేల లోపలి నేలకంటే ఎత్తయిపోయింది. చూరు నీళ్లు నేరుగా గోడ మొదట్లో పడుతున్నాయి. పైగా ఆ సిమెంటు పూత. గోడ లోపలి తడి బయటికి పోయే దారి మూసేసరికి అది పైకెక్కింది, దానితో పాటు ఉప్పు కూడా. మంచి చేద్దామని పూసిన పూతే నాలుగడుగుల ఉప్పుని అయిదున్నర అడుగులకి ఎక్కించింది.

చేసిన పని ఇది. సంక్రాంతి వెళ్లాక సిమెంటు పూతంతా చెక్కేశాం. ఇటుకల సందుల్లో ఉప్పు పట్టి పొడిపొడిగా ఉన్న అడుసుని అంగుళం లోతు గీకేశాం. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి, గోనె పరిచి, రాలిన పొడిని ఎప్పటికప్పుడు బయటికి తీసేశాం. నీళ్లతో కడగనివ్వలేదు, కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. బాగా ఎక్కువ ఉన్న చోట, గాడి వెనక గోడకి, కాగితపు గుజ్జూ బంకమట్టీ కలిపి తడిగా పట్టించి, ఎండాక పెచ్చుగా ఊడదీశాం. ఆ పెచ్చు ఉప్పుని పీల్చుకుని వస్తుంది. అలా కొన్నిసార్లు. తర్వాత గోడను ఎండాకాలమంతా ఆరబెట్టాం.

ఈ ఆరబెట్టడం దగ్గరే అసలు గొడవ. ఆవిడకి ఆవకాయ సీజన్‌కి యూనిట్ తెరవాలని ఉంది. మామిడికాయ ఎవరికోసమూ ఆగదు. మేస్త్రి కూడా "ఎన్నాళ్లని ఖాళీగా ఉంచుతారండీ" అంటున్నాడు, అతనికి వేరే పనులున్నాయి. ఆ ఏడాది ఆవకాయ ఇంటి పెరట్లోనే పెట్టుకోమని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు, ఇష్టంగా మాత్రం కాదు. గోడ ఆరకుండా పూస్తే మొత్తం డబ్బు వృథా. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకూడదు.

బయటి వైపు మళ్లీ సున్నమే పూశాం. సున్నం పిడుగురాళ్ల బట్టీల నుంచి తెప్పించి గుంటలో నానబెట్టి, ఇసుకా ఇటుక పొడీ కలిపి వాడాం. కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుదామని వయసు మళ్లిన తాపీ పనివాడొకాయన సరదాపడ్డాడు. పచ్చళ్ల యూనిట్ గోడలో బెల్లం నాకు నచ్చలేదు, చీమలకి మనమే ఆహ్వానం పంపినట్టుంటుంది. సున్నపు పూత గోడ తడిని బయటికి వదులుతుంది. మిగిలిన ఉప్పు ఆ పూతలోకి వచ్చి దాన్నే కొద్దికొద్దిగా తింటుంది, ఇటుకను తినదు. కొన్నేళ్లకోసారి కింది భాగం పూత మార్చుకోవాలి. ఆ సంగతి మొదటే చెప్పి, కాగితం మీద రాసిచ్చాను.

నేల కింద

గోడకి ఉప్పు అందించేది నేలే కాబట్టి నేలను ముట్టుకోకుండా గోడని బాగుచేయడం కుదరదు. బండలు లేపి, అడుగున్నర లోతు మట్టి మొత్తం తీయించాం. అమ్మోనియా వాసనకి కూలీలు ముక్కుకి తువ్వాలు కట్టుకున్నారు. గొడ్లు లేక ఏళ్లు గడిచినా అంత ఘాటు. ఈ మట్టి మీద టైల్సు పరిచేసి ఉంటే ఆ వాసన సందుల్లోంచి వస్తూనే ఉండేది. నూనె, కారం పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటాయి, పచ్చడికి చావిడి వాసన వస్తే యూనిట్ మూసుకోవాల్సిందే. మట్టి పారేయడానికి మాత్రం ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. చావిడి మట్టి అని తెలియగానే పక్క రైతు తన ట్రాక్టరే తెచ్చి పొలానికి తోలుకుపోయాడు.

అడుగున, పునాది వెంబడి చెదల మందు కొట్టించాం, చెదల నివారణకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313లో చెప్పిన పద్ధతిలో. తిండి వస్తువులు తయారయ్యే చోట ఈ పని నేల మూసేలోపే అయిపోవాలి, తర్వాత లోపల మందు కొట్టే పరిస్థితి ఉండదు. ఆ పైన గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, ఆరంగుళాల మందం 40 ఎం.ఎం. కంకర, ఇసుక లేకుండా. కింది తడి కంకర సందులు దాటి పైకి పాకలేదు. దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, నాలుగంగుళాల కాంక్రీటు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నేలను ఇలా పూర్తిగా మూసేస్తే, ఇంతకాలం నేలలోంచి బయటికి పోయిన తడి పక్కకి తిరిగి గోడల్లోకి వెళుతుంది. అందుకే బయటి పని లోపలి పనితో సమానంగా చేయాలి. బయట పేరుకున్న మట్టి తీసి, నేలను లోపలి మట్టం కంటే తొమ్మిది అంగుళాలు కిందికి దించాం. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున షీటు పరిచి, దాని మీద ఇసుక, ఆ పైన తీసిన పాత కడప బండలు బయటికి వాటంగా పేర్చాం. కాంక్రీటు పోయలేదు, నల్లరేగడి మీద అది పగులుతుంది. బండలైతే కదిలినా మళ్లీ సర్దుకోవచ్చు. చూరుకి పీవీసీ గట్టర్ కట్టి నీళ్లు దూరంగా వదిలాం.

నైరుతి మూల బీటకి కారణం ఆ చూరు నీళ్లూ, పక్కనే ఉన్న వేపచెట్టూ. వేసవిలో చెట్టు నేలలోని తడిని లాగేస్తుంది, వానాకాలంలో మూల ఉబ్బుతుంది. చెట్టు కొట్టేద్దామన్నారు. వద్దన్నాను. పెద్ద చెట్టు కొట్టేస్తే ఆ నేల తడి పట్టి కొన్నేళ్లపాటు ఉబ్బుతూ ఉంటుంది, గోడకి అది ఇంకా ప్రమాదం. కొమ్మలు బాగా తగ్గించాం. బీట దగ్గర ఇటుకలు తీసి సున్నపు అడుసుతో అల్లి మళ్లీ కట్టి, మీద గాజు ముక్కలు అతికించాం. గోడ కదిలితే గాజు పగిలి చూపిస్తుంది.

గోడ లోపల ఇంకో గోడ

ఇప్పుడు అసలు ఇరకాటం. ఆహారం తయారుచేసే గది గోడలు కడగడానికి వీలుగా ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ షెడ్యూల్ 4 చెప్పేది అదే. నూనె కారం చెయ్యి తగిలే చోట సున్నపు గోడ పనికిరాదు. టైల్సు వేయాలి. ఉప్పు గోడ మీద టైల్సు వేస్తే సిమెంటు పూతకి పట్టిన గతే వాటికీ పడుతుంది, ఏడాదిలో డొల్ల మోత.

అందుకని కలిపే గదికి మాత్రం మూడు వైపులా, పాత గోడకి రెండంగుళాల సందు వదిలి, నాలుగంగుళాల సిమెంటు ఇటుక గోడ అయిదడుగుల ఎత్తు లేపాం. అది కొత్త కాంక్రీటు నేల మీద నిలబడుతుంది, పాత గోడని ఎక్కడా తాకదు. టైల్సు దీనికే. సందు పైన గ్రానైట్ పలక ఏటవాలుగా మూత వేశాం, దాని మీద ఎవరూ ఏదీ పెట్టకుండా. సందులో గాలి ఆడటానికి పాత గోడకి బయటి వైపు చిన్న రంధ్రాలు పెట్టి స్టీలు జాలీ బిగించాం, లేకపోతే ఎలుకలకి వరస ఇళ్లు కట్టిచ్చినట్టే. 14 అడుగుల వెడల్పులో అడుగు పోయింది. పోనివ్వండి, 13 అడుగులు చాలు.

చావిడిని మూడుగా విభజించాం: కలిపే గది 12 అడుగులు, జాడీల గది 8, ప్యాకింగ్ 8. అడ్డుగోడలు ఫైబర్ సిమెంట్ బోర్డువి. కాయలు కడగడం, తుడిచి ఆరబెట్టడం, కొట్టడం అంతా వసారాలో. అక్కడి నుంచి ఆరిన సరుకే లోపలికి వస్తుంది. నీళ్ల పంపు కలిపే గదిలో పెట్టలేదు, చేతులు కడిగే సింక్ గుమ్మం బయట ఉంది. ఉత్తరం గోడకి రెండు కిటికీలు కొత్తగా తీశాం, మూలలకి దూరంగా. మట్టి అడుసు గోడకి మూల దగ్గర కన్నం పెట్టకూడదు.

పనిచేసే బల్లలకి ఇంటివాళ్లు కడప రాయి అడిగారు, చవక, అలవాటు. కడప రాయి సున్నపురాయి జాతి. మామిడి, నిమ్మ, చింతపండు పులుపు దాన్ని తింటుంది. నల్లటి నునుపు మీద తెల్లటి గరుకు మచ్చలు పడి, అందులో కారం ఇరుక్కుంటుంది. తాండూరు రాయి, కోటా రాయి కూడా అంతే. బల్లలకి గ్రానైట్ వేశాం. కలిపే గది నేలకి విట్రిఫైడ్ టైల్సు, జారనివి. సందుల్లో మామూలు సిమెంటు కాకుండా ఎపాక్సీ, పులుపు సిమెంటును కూడా వదలదు కాబట్టి. ప్యాకింగ్ గదిలో ఆ బెడద లేదు, అక్కడ మిగిలిన పాత కడప బండలే పరిచాం.

దూలాలు, కప్పు

తాటి దూలానికి చేవ బయటి పొరలో ఉంటుంది, నడుమ మెత్తన. చెద లోపలి నుంచి తినేస్తే పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. వడ్రంగి ప్రతి దూలాన్నీ సుత్తితో తట్టి, గోడలోకి దిగిన కొసల దగ్గర ఉలి దించి చూశాడు. నడుములు బాగున్నాయి, కొసలే పోయాయి. గోడలోని తడి తగిలేది అక్కడే కదా. పాడైన వాటికి రెండు పక్కలా నాలుగంగుళాల స్టీలు సీ-ఛానెళ్లు బిగించి, బరువు ఛానెళ్ల మీదుగా గోడకి చేరేలా చేశాం. దూలం ఇప్పుడు వాటి మధ్య ఊరికే కూర్చుంది. పెంకులు ఎలాగూ దించాం కాబట్టి, గోడల తలమీద చుట్టూ మూడంగుళాల కాంక్రీటు బ్యాండు, రెండు ఊచలతో, పోశాం. మట్టి అడుసు గోడలు నాలుగూ కలిసి నిలబడటానికి ఇంతకు మించిన చవక మార్గం లేదు.

పాత పెంకుల్లో మంచివి కడిగి అవే వేశాం. తక్కువైనవి పక్క ఊళ్లో ఇల్లు పడగొడుతున్న వాళ్ల దగ్గర కొన్నాం. కొత్త పెంకు కొలత పాతదానితో కలవదు, గాడులు కుదరవు.

పెంకుల కింద నేరుగా పచ్చళ్లు కలపకూడదు. దుమ్ము, బల్లులు, ఉడతలు. కింద ఫైబర్ సిమెంట్ బోర్డు సీలింగ్ వేశాం. జిప్సం బోర్డు ఈ తేమకి ఉబ్బుతుంది. సీలింగుకీ పెంకులకీ మధ్య గాలి ఆడటానికి చూరు దగ్గరా, తలకట్టు దగ్గరా జాలీ పెట్టాం.

పెట్టనివి

కారం మిషను పెట్టుకోవాలని ఆవిడకి బలంగా ఉంది. సొంత కారం అంటే లేబుల్ మీద రాసుకోవచ్చు. గుంటూరు జిల్లాలో కారం మిల్లు లేని ఊరు వెతకాలి. మిరప ఘాటు పక్కింటికి పోతుంది, ఆ మూడు గదులకీ పాకుతుంది, మోటారు కోసం కరెంటు లోడు పెరుగుతుంది. తెలిసిన మిల్లులో మన కాయ మన కళ్లముందే ఆడించుకుని తెచ్చుకుంటే సరిపోతుందని ఒప్పించాను. దీనితో సింగిల్ ఫేజ్ కనెక్షన్‌తో సరిపోయింది. ఇంటి మీటరు నుంచి వ్యాపారానికి లైను లాగకూడదు కాబట్టి వేరే మీటరు తీసుకున్నారు. వైరింగ్ గోడల్లో తవ్వి వేయలేదు, ఉప్పు ఇనుప పెట్టెల్ని తినేస్తుంది. పైన పీవీసీ పైపుల్లో నడిపాం. కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఇంకుడు గుంత కూడా తీయలేదు. నల్లరేగడి తడిస్తే నీళ్లు ఇంకవు, గుంత నిండి కూర్చుంటుంది. కాయలు కడిగిన నీళ్లు పెరట్లో అరటికి పోతాయి. గిన్నెలు కడిగిన నీళ్లలో ఉప్పూ నూనే ఉంటాయి, అవి చెట్లకి పోస్తే చెట్లు చస్తాయి. వాటిని జిడ్డు ఆపే తొట్టి (గ్రీజ్ ట్రాప్) దాటించి, పంచాయతీ అనుమతితో సైడు కాలువలో కలిపాం.

డబ్బు, కాగితాలు

కట్టడానికి అయిన మొత్తం 6 లక్షల 75 వేలు. అందులో గోడల ఉప్పు పని, నేల, బయటి బండలు కలిపి 2 లక్షల 40 వేలు. కప్పు, దూలాలు, బ్యాండు 1 లక్షా 60 వేలు. లోపలి గోడ, టైల్సు, గ్రానైట్ 1 లక్షా 10 వేలు. నీళ్లు, డ్రైనేజీ 60 వేలు. కరెంటు 55 వేలు. సీలింగు, అడ్డుగోడలు 50 వేలు. పెద్ద మొత్తం పోయింది కంటికి కనిపించని పనులకే. మొదట వాళ్లు అనుకున్న బడ్జెట్టులో ఆ పద్దు అసలు లేదు, టైల్సూ రంగులూ మాత్రం ఉన్నాయి. అందుకే ఇప్పుడు ఎవరైనా చావిడి చూపిస్తే నేను ముందు గడ్డపార అడుగుతున్నాను, టేపు తర్వాత.

కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం గురించి అందరూ అడుగుతారు. మేం పనిచేసిన నాటి నిబంధనల ప్రకారం చిన్న ఆహార యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. సొంత వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు లోను. కానీ అందులో సివిల్ పనుల వాటా అర్హత ఉన్న ఖర్చులో 30 శాతం దాటకూడదు. ఈ కేసులో మిషన్ల ఖర్చు 2 లక్షల లోపే, మిగతాదంతా సివిల్. అంటే పాత కట్టడం బాగుచేసుకునేవాళ్లకి ఆ పథకం అంతగా కుదరదు, మిషన్లు కొనేవాళ్లకి కుదురుతుంది. డ్వాక్రా సభ్యులకి అదే పథకంలో తలకి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్ (పని నడుపుకోవడానికి తొలి పెట్టుబడి) ఉండేది, దానికి సంఘం ద్వారా అర్జీ పెట్టారు. కట్టడం ఖర్చుకి సంఘం లోనూ, సొంత డబ్బూ.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వైపు పెద్ద టెన్షన్ లేదు. మేం పనిచేసిన నాటి లెక్కన ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరుకి లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది, లేబుల్ మీద వేయాలి. పంచాయతీ కాగితానికే ఎక్కువ రోజులు పట్టింది. ఇంటి పన్ను రసీదులో చావిడి ప్రస్తావనే లేదు మరి.

ఒక వానాకాలం గడిచాక

శ్రావణంలో తెరిచారు, అంటే నేరుగా వానల్లోకి. లోపలి టైల్స్ గోడ పొడిగా ఉంది. సందులోకి టార్చి వేసి చూస్తే పాత గోడ మీద ఉప్పు మళ్లీ పేలుతోంది, దులిపితే రాలిపోయేంత. గాడి ఉన్న వైపు బయటి సున్నం చేతి వెడల్పున పొడిబారింది, ఊహించిందే. ప్యాకింగ్ గదిలో ఒక మూల మాత్రం ముసురు రోజుల్లో చెమ్మగిల్లుతోంది. అక్కడ కుడితి తొట్టి ఉండేది. అట్టపెట్టెలు ఆ గోడకి ఆనించకుండా ఇనుప స్టాండు పెట్టించాం, వచ్చే ఎండాకాలం ఆ భాగానికి మళ్లీ గుజ్జు పట్టించాలి. మూల మీద గాజు ముక్కల్లో ఒకటి పగిలింది, వెంట్రుకవాసి. దాన్ని తీసి పక్కన కొత్తది అతికించి తేదీ రాశాం. రెండు వానాకాలాలు చూస్తే కానీ బీట సంగతి తేలదు.

మధ్యాహ్నం ఎండలో పనివాళ్లు ఇంకా వేడిగానే ఉందంటున్నారు. ఎగ్జాస్ట్ ఫ్యాను మోతకి ఒకరి మాట ఒకరికి వినపడక దాన్ని ఆపేస్తున్నారు. తక్కువ స్పీడు, పెద్ద రెక్కల ఫ్యాను ఒకటి మార్చాలి.

జాడీల గది అప్పుడే చాలట్లేదు. సీలింగు పైన అటక వేసి జాడీలు పెట్టుకోవచ్చా అని ఆవిడ అడిగారు. "వద్దమ్మా, ఆ దూలాలు పెంకులు మోయడానికే" అన్నాను. ఇంట్లో ధాన్యం గది ఖాళీగా ఉంది, పొడిగానూ ఉంది. ఏడాది నిల్వ జాడీలు అందులోకి మారుతున్నాయి. ఆ గదిని కూడా రిజిస్ట్రేషన్‌లో చేర్చడానికి అర్జీ పెట్టారు.